రెండు దిక్కుల సారు

సారు చనిపోయిన సంగతి నాకు ఫ్లెక్సీ చూసినంకనే తెలిసింది. సంగారెడ్డి బస్టాండు ముంగట రెండు కరెంటు స్తంభాల నడుమ కట్టిన్రు. శాలువ కప్పుకున్న ఫోటో, దాని కింద పెద్దపెద్ద అక్షరాలు: 'నిష్పక్షపాతానికి నిలువెత్తు రూపం'. చదివి నవ్విన. సచ్చినోళ్లను చూసి నవ్వొద్దని మా అమ్మ చెప్పేది. గని నవ్వొచ్చింది, ఏం జేయాలె. పక్కన సంత్రాలు అమ్మే ఆమె నన్ను ఎగాదిగా చూసింది.

ఆ ఫ్లెక్సీ కట్టినోళ్లకు ఆయన కాలేజీల చదువు చెప్పిన సారు. నాకు మాత్రం ఇంటి ఓనరు. నేను, మా ఆయన సారు ఇంటెనుక పోర్షన్ల కిరాయికున్నం. నేను పాశమైలారంల మందుగోలీల కంపెనీల ప్యాకింగు పని చేసేదాన్ని. మా ఆయన గడ్డపోతారంల ఒక కంపెనీకి వ్యాను నడిపేటోడు. మాది పొలాలల్ల కూలికి పోయేటోళ్ల ఇల్లు. ఊరిడిచి సంగారెడ్డికి వచ్చినప్పుడు ఏ ఇంటికి పోయినా మొదలు కులం అడిగిన్రు, ఎనుక పేరు అడిగిన్రు. సారు అడగలే. "నాకు అందరూ సమానమే అమ్మా" అన్నడు. ఆ మాటకు మురిసిపోయి ఆ పొద్దే సామాను దించినం. ఆయన సమానం అంటే ఏందో తెల్వడానికి నాకు ఏండ్లు పట్టింది.

ఆయనకొక అలవాటు. ఏదన్న పంచాయితి ముంగటికి వస్తే కండ్లద్దాలు తీసి ఒళ్లె పెట్టుకునేటోడు. రెండు చేతులు ముంగటికి చాపి, అరచేతులు మీదికి పెట్టి, తరాజు లెక్క ఒకటి పైకి ఒకటి కిందికి ఆడిచ్చేటోడు. గట్ల జెరసేపు ఆడిచ్చి, రెండూ సమానంగ ఆపేటోడు. ఏ పంచాయితి వచ్చినా సమానంగనే ఆగేది. ఒక దిక్కు మొత్తం ఒరిగిన రోజు నేనొక్కటి చూడలే. రాళ్లు లేని తరాజు ఎట్లయినా సమానంగనే ఉంటది గద.

ముందటి పోర్షన్ల ఒక బ్యాంకాయన ఉండేటోడు. మోటరు పెట్టంగనే పైపు గుంజుకొని స్కూటరు కడిగేటోడు, మొక్కలకు పట్టేటోడు, ఆఖరికి వాకిలి గూడ కడిగేటోడు. మా దిక్కు నల్లాల గాలి వచ్చేది. సారు దగ్గర చెప్పుకున్నం. సారు ఇద్దర్నీ కూసోబెట్టి ఇన్నడు. బ్యాంకాయన స్కూటరు కడుగుడు జెర తగ్గియ్యాలన్నడు, మేము నీళ్లు తాగుడు జెర తగ్గియ్యాలన్నడు. ఇద్దరికీ సమానంగ నష్టం చేసిన్నని ఆయనకు మస్తు సంబురం.

ఇంకొకసారి ఆయన కుక్క పాలు పోసే మల్లమ్మ పిక్క పట్టుకున్నది. ముసలామె, మా తీరుగనే ఊరి నుంచి వచ్చేది. చీర కుచ్చిళ్లు రక్తంతోని తడిసినయి. నేను ఉరికొచ్చి పసుపు అద్దుతుంటే సారు అరుగు మీదికి వచ్చి చూసిండు.

"ఊరికే ఏ కుక్కా కరవదు మల్లమ్మా" అన్నడు. "నువ్వేం చేశావో ఒకసారి గుర్తు తెచ్చుకో."

నాకు కోపం వచ్చింది కుక్క కరిచినందుకు గాదు, సారు అడిగినందుకు గూడ గాదు. మల్లమ్మ నిజంగనే యాది చేసుకున్నది. గాయం పట్టుకొని, కండ్లు మూసుకొని, ఏం తప్పు చేసిన్నా అని ఎతికింది. క్యాను చప్పుడు చేసిన్నేమో సారూ అన్నది. చూశావా అన్నట్టు సారు తలూపి లోపటికి పోయిండు. సూది మందుకు ఆమెను నేనే దవాఖానకు తోల్కపోయిన.

ఆయన భాష గురించి చెప్పాలె. సారు పుట్టింది మా దిక్కే, సంగారెడ్డికి కూతవేటు దూరం ఊరు. భూములున్న కుటుంబం. వాళ్లమ్మ ముసలితనంల వీళ్లింట్లనే ఉండేది. ఆమె మాట మా అమ్మ మాట ఒక్కతీరుగ ఉండేది. సారు మాత్రం రేడియోల వార్తలు చదివినట్టు మాట్లాడేటోడు. వచ్చాను, చూశాను, భావిస్తున్నాను. కూరల ఉప్పు ఎక్కువైతే గూడ "లవణం కొంచెం అధికమైంది" అనేటోడు. ఓనరమ్మ ఇనీ ఇననట్టు ఊకునేది. మస్తు తక్కువ మాట్లాడేది ఆమె. ఇంట్ల మాటలన్నీ ఆయనే వాడుకుంటే ఆమెకేం మిగులుతయి.

గట్లాంటి మనిషికి మా దిక్కు గిరాకి మస్తు. కంపెనీలల్ల భద్రతా వారాలు జరిగితే ముఖ్య అతిథి ఆయనే. బళ్లల్ల ఉపన్యాసాల పోటీలు పెడితే న్యాయనిర్ణేత ఆయనే. ఫస్టు ప్రైజు ఎప్పుడూ ఇద్దరికి పంచేటోడు. ఆయన వస్తే ఎవ్వరికీ నొప్పి కలుగదని అందరికీ తెలుసు. శాలువలు ఇనుప బీరువల పట్టక దండెం మీద ఏలాడుతుండేటియి.

ఇగ ఆ ఎండకాలం సంగతి.

ఆ ఏడు కొత్త కాలనీలల్ల దొంగతనాలు మస్తయినయి. తాళాలు ఇరగ్గొడుతున్నరని, ఒంటికి నూనె రాసుకొని వస్తున్నరని, నల్లగ బక్కగ ఉంటరని చెప్పుకునేటోళ్లు. ఎవ్వరు చూసిన్రో తెల్వదు గని అందరూ చూసినట్టే చెప్పేటోళ్లు. కంపెనీలల్ల ఒరిస్సా నుంచి, బీహారు నుంచి వచ్చిన కూలోళ్లు వందలమంది ఉండిరి. అప్పటిదాక వాళ్లను ఎవ్వలు పట్టించుకోలే. ఇగ అప్పటి సంది వాళ్లు అడ్డరోడ్డు మీద నడిస్తే జనం సంచులు సదురుకునుడు మొదలువెట్టిన్రు. మేము వాళ్లకంటే తెల్లగ ఏం లేము. అయినా మేము మేమే, వాళ్లు వాళ్లే. మఫ్టీల పోలీసులు మోటరుసైకిళ్ల మీద తిరుగుతున్నరని చెప్పుకుంటే అందరం మంచిదే అనుకున్నం.

ఒకనాడు మొదటి షిఫ్టు ఇడిసినంక నేను పాశమైలారం అడ్డరోడ్డు కాడికి వచ్చిన, సంగారెడ్డి బస్సు కోసం. చాయ హోటలు చత్తు కింద సారు కూసున్నడు. ఏదో కంపెనీల ఉపన్యాసం చెప్పి వస్తున్నడు. ఇంటిదాక కారుల దించుతమన్నోళ్లు అడ్డరోడ్డు కాడనే దించిపోయిన్రట. వాళ్లిచ్చిన గోడగడియారం మెరుపు కాయితంల చుట్టి ఒళ్లె పెట్టుకున్నడు. ఎండ పెళపెళ కాస్తున్నది. నన్ను చూసి బస్సు ఎప్పుడొస్తదని అడిగిండు. వస్తది సార్ అన్న.

అప్పుడు రోడ్డుకు అవతలి దిక్కు ఒకాయన నడిచి వస్తున్నడు. ముప్పై ఏండ్లుంటయేమో. కంపెనీల హెల్పర్లు ఏసుకునే నీలి అంగి. ఒక కాలుకు చెప్పున్నది, ఒక కాలు ఉత్తది. చెప్పు తెగినట్టున్నది, చేతిల పట్టుకున్నడు. కాలు కాలుతున్నదని ఎగిరెగిరి నడుస్తున్నడు. జెరంత ముంగట ఛత్రి కింద చెప్పులు కుట్టే తాత కూసున్నడు. ఆ తాత దిక్కే పోతున్నడని చూస్తెనే తెలుస్తున్నది.

ఎనుక నుంచి మోటరుసైకిలు వచ్చి ఆగింది. ఇద్దరు దిగిన్రు. ఒకడు ఎనుక నుంచి అంగి కాలరు పట్టి గుంజిండు. ఆయన తిరిగి చూసిండు. వాళ్లు ఏందో అడిగిన్రు, ఆయనకు సమజు కాలే. ఖాకీ బట్టల్లేవు, టోపీల్లేవు. కొట్టి గుంజుకునేటోళ్లు అనుకున్నడేమో, ఇదిలిచ్చుకొని ఉరికిండు. రెండోవాడు నడుముల నుంచి తుపాకి తీసిండు. చప్పుడు నేననుకున్నంత పెద్దగ లేదు, టైరు పగిలినట్టున్నది. ఉరికేటాయన బోర్లవడ్డడు. మళ్ల లేవలే. చెప్పు చేతిలనే ఉండె.

సారు నీళ్ల డ్రమ్ము ఎనుక కూలవడ్డడు. గడియారం గుండెకు అదుముకున్నడు. నా కొంగు గట్టిగ పట్టుకున్నడు.

"చెప్పేనే తల్లీ" అన్నడు. "చేతిల చెప్పే ఉండెనే. ఉత్త చెప్పుకు చంపిన్రు గదనే."

వాళ్లమ్మ మాట అది. అన్ని ఏండ్లల్ల ఆయన నోట్ల నుంచి ఆ మాట నేనొక్కనాడు ఇనలే. కండ్లల్ల నీళ్లు గూడ కారినయి. హోటలాయనను అడిగి గిలాసల నీళ్లు తాగిపిచ్చిన. ఆయన ఏడుస్తుంటే నాకు ఒక తీరు ధైర్యం అనిపిచ్చింది. ఈ మనిషి లోపట మనిషున్నడు అనుకున్న.

తర్వాత పోలీసు జీపొచ్చింది, జనం జమైన్రు. దొంగ అన్నరు, కత్తి తీసిండన్నరు. మమ్ముల అందర్నీ దూరం జరిపిన్రు. సంగారెడ్డి బస్సు ఎక్కినంక సారు నా ఎనుక సీట్ల కూసున్నడు. రుద్రారం దాటేసరికి కండ్లద్దాలు తుడిచి పెట్టుకున్నడు. కంది దాటేసరికి భాష మారింది. బస్టాండుల దిగినంక నాతోని అన్న మాట ఇది: మనం ఆవేశపడి ఎవరితోనూ ఏమీ అనకూడదమ్మా, పూర్తి వివరాలు రానివ్వాలి. నేను ఆయన మొఖం దిక్కు చూసిన. కండ్లు ఎర్రగనే ఉన్నయి ఇంకా.

సచ్చిపోయినాయన పేరు సుదామ. ఒరిస్సాయన, ఒక కంపెనీల కంట్రాక్టరు కింద పని చేసేటోడు. ఆయన తమ్ముడు దయానిధి గూడ అదే కంపెనీల హెల్పరు. పెద్ద దవాఖాన ముంగట రెండు రోజులు కూసున్నడు పిల్లగాడు, శవం కోసం. తెలుగు రాదు. కంపెనీ వాళ్లు మావాడు కాదు కంట్రాక్టరు మనిషన్నరు. కంట్రాక్టరు ఫోనెత్తలే. ఒక కుర్ర వకీలు ముంగటవడి కాయితాలు చేపిచ్చి శవం ఇప్పిచ్చిండు. మంజీర ఒడ్డున కాల్చిన్రు.

ఆ తర్వాత ఊరంత అదే ముచ్చట. కోర్టు కాడ, హోటళ్లల్ల, మంగలి దుకాన్ల, కంపెనీ బస్సులల్ల. చంపినోళ్ల గురించి ఎవ్వలు అడగలే. 'ఎందుకు ఉరికిండు' అని అడిగిన్రు. తప్పు చెయ్యనోడు నిలవడతడు గద అన్నరు. దుకాన్లోళ్లు పోలీసులకు దండలేసిన్రు. యూనియనోళ్లు, ఆ కుర్ర వకీలు కలిసి ధర్నా చేసిన్రు. ముందుగాల చెప్పిన కత్తి ఎవ్వలకూ చూపియ్యలే. ఇగ అటెనుక కత్తి పోయి 'ఆయుధం' వచ్చింది.

సారు రెండు దిక్కుల మీటింగులకు పోయిండు. యూనియనోళ్ల దగ్గర ప్రాణం విలువైనదన్నడు, చప్పట్లు కొట్టిన్రు. దుకాన్లోళ్ల దగ్గర భద్రత విలువైనదన్నడు, వాళ్లు గూడ చప్పట్లు కొట్టిన్రు. రెండు మీటింగుల నుంచి రెండు శాలువలు ఇంటికి వచ్చినయి. ఉతికి పక్కపక్కన ఆరేసిన్రు.

అప్పుడే మా ఊర్ల కేబులోళ్లు సొంతంగ ప్రోగ్రాములు ఏసుడు మొదలుపెట్టిన్రు. ఒక బట్టల దుకానం మీది రూముల కెమెర పెట్టి చర్చ పెట్టిన్రు. దాని పేరు 'కాల్పులు: తప్పా? తప్పనిసరా?' ఆ ప్రాస పెట్టింది సారే. నడిపిచ్చేది గూడ సారే.

చర్చకు ముందు కుర్ర వకీలు దయానిధిని ఎంట పెట్టుకొని ఇంటికి వచ్చిండు. తమ్మునికి గూడ ఒక కుర్చీ ఇయ్యుమని అడిగిండు. నేను వాకిట్ల బియ్యం చెరుగుతున్న. సారు వకీలుతోనే మాట్లాడిండు. భాష సమస్య ఉంటుందన్నడు, చూసేవాళ్లకు ఇబ్బందన్నడు, ఆ అబ్బాయి పక్షం కూడా తానే చెప్తానన్నడు. ఆ పిల్లగాడు గేటు పట్టుకొని నిలవడ్డడు. సారు ఆయన మొఖం దిక్కు ఒక్కపాలి గూడ చూడలే. నేను పిలిచి చాయ పోసిన. రెండు చేతులతోని గిలాస పట్టుకొని తాగిండు.

ప్రోగ్రాము తెల్లారి పొద్దుమూకి టీవీల మళ్ల ఏసిన్రు. కిరాయికున్నోళ్లందర్నీ సారు హాలులకు పిలిచిండు. ఆయన కుర్చీల కూసొని టీవీల ఉన్న ఆయనను ఆయనే చూసుకుంటున్నడు, నడుమనడుమ తలూపుతున్నడు. టీవీల ఒక దిక్కు రిటైరైన పోలీసాయన, దుకాన్లోళ్ల పెద్ద. ఇంకో దిక్కు యూనియనాయన, కుర్ర వకీలు. ఫోన్లు చేసినోళ్లు గూడ ఉన్నరు. ఒకాయన బయటోళ్లందర్నీ రైలెక్కియ్యాలన్నడు. ఒకామె ఏడుసుకుంట, తన కొడుకును గూడ గట్లనే అడ్డరోడ్డు మీద పట్టి కొట్టిన్రని చెప్పింది. సారు ఇద్దరికీ ధన్యవాదాలు చెప్పిండు. ఇద్దరికీ ఒక్కతీరుగ, ఒక్క గొంతుతోని.

వకీలు మాత్రం ఇడిసిపెట్టలే. చేతిల ఉన్నది తెగిన చెప్పు, చెప్పులు కుట్టే తాత చూసిండని చెప్పిండు. అప్పుడు సారు టీవీల అద్దాలు తీసిండు. ఆ ఎండలో, ఆ దూరంలో, ఒక పోలీసు కళ్లతో చూసినప్పుడు చెప్పు కత్తిలా కనిపించే అవకాశం లేదా అని అడిగిండు. అసలు చెప్పెత్తడం మన సమాజంలో దాడి కాదా అని గూడ అడిగిండు. రిటైరైన పోలీసాయన అద్భుతంగా చెప్పారన్నడు. చేతులు తరాజు లెక్క ఆడినయి. సమానంగ ఆగినయి.

నేను తలుపు కాడ నిలవడి చూస్తున్న. నాకు తెల్వకుంటనే మాట వచ్చింది.

"సార్, ఉత్త చెప్పుకు చంపిన్రని మీరే గద ఏడ్సిన్రు."

బ్యాంకాయన నా దిక్కు తిరిగి చూసిండు. ఓనరమ్మ టీవీ దిక్కే చూస్తున్నది, గని ఆమె చేతిల ఉన్న ఇసనకర్ర ఆగింది. సారుకు కోపం రాలే. ఆయనకు కోపమన్న వచ్చి ఉంటే నాకు జెర మర్యాద దక్కేది. పిల్లలకు చెప్పినట్టు నవ్విండు.

"అది ఆ క్షణపు ఆవేశం అమ్మా. మనిషి మొదటి మాటను ఎప్పుడూ నమ్మకూడదు."

ఆ మాట ఇన్నంక నేను ఆయనతోని వాదన పెట్టుకోలే. ఉన్న ఒక్క నిజం మాటను, తన నోట్ల నుంచే వచ్చిన మాటను, తప్పు అన్నోనితోని ఏం మాట్లాడుతం.

కొన్ని దినాలకు ఒక పెద్ద ఆఫీసరు విచారణ పెట్టిండు. చూసినోళ్లు ఎవ్వలన్న వచ్చి చెప్పొచ్చని చాటింపు ఏసిన్రు. మా ఆయన ఒద్దన్నడు. పోలీసోళ్లతోని మనకెందుకు, వ్యాను మీద పోయేటోన్ని, రోజుకు ఒకచోట ఆపుతరు అన్నడు. ఆయన భయం అబద్ధం గాదు. అయినా పోయిన. చెప్పులు కుట్టే తాత గూడ వచ్చిండు, కడిగిన అంగి ఏసుకొని. హోటలాయన రాలే. సారు అక్కడ ఉండెనని హోటలాయన ఎవ్వలతోనో అన్నడట, అందుకని సారును గూడ పిలిచిన్రు.

నన్ను నిలవెట్టే అడిగిన్రు. ఎంత దూరం, ఎటు దిక్కు నిలవడ్డవు, కండ్లు మంచిగ కనిపిస్తయా, ఆ ఒరిస్సా పిల్లగాడు నీకు ఏమవుతడు. చూసింది చూసినట్టు చెప్పిన. చేతిల తెగిన చెప్పున్నది, ఇంకేం లేదు, ఎనుక నుంచి కాల్చిన్రు అన్న. తాతను గూడ గట్లనే అడిగిన్రు. నీకు ఏది చూసినా చెప్పు తీరుగనే కానొస్తదా అని ఒకాయన నవ్వుతుంటే, చెప్పు చూస్తే నాకు చెప్పు తీరుగనే కానొస్తది సారూ అన్నడు తాత.

తర్వాత సారు వచ్చిండు. ఆఫీసరు లేచి నమస్కారం పెట్టిండు, ఆయన దగ్గర చదువుకున్నడట. కుర్చీ ఏసిన్రు, చాయ తెప్పిచ్చిన్రు. సారు చానసేపు చెప్పిండు. సమాజం గురించి, వలస గురించి, పోలీసోళ్ల పని భారం గురించి చెప్పిండు. ఆఫీసరు ఇనుకుంట ఇనుకుంట ఆఖరికి మృతుని చేతిలో ఏముందని అడిగిండు.

"ఏదో ఒక వస్తువు ఉంది. అది ఏమిటని నేను నిర్ధారించలేను."

అంతే. తలుపు బయట బల్ల మీద కూసొని నేను ఇన్న. తాత గూడ ఇన్నడు. తాతకు ఆ భాష మొత్తం సమజు కాలే, ఏమన్నడు బిడ్డా అని నన్ను అడిగిండు. చూడలేదన్నడు తాతా అన్న. తాత ఉమ్మేసి లేచిపోయిండు.

కొన్ని నెలలకు పేపర్ల వచ్చింది. చేతిలో ఆయుధాన్ని పోలిన వస్తువు ఉన్నదని ఒక విద్యావంతుడైన సాక్షి చెప్పినందున, ఆత్మరక్షణ కోసమే కాల్చిన్రని తేల్చిన్రట. పోలిన అన్న మాట సారు అనలే, వాళ్లు కలుపుకున్నరు. కలుపుకోనీకె జాగ సారే ఇడిసిపెట్టిండు. నేను చెప్పింది, తాత చెప్పింది ఒక్క ముక్క లేదు. ఆ ఇద్దరు పోలీసులు ఏరే జాగకు బదిలీ అయిన్రు, అంతే.

మమ్ముల ఇల్లు ఖాళీ చేపిచ్చిన తీరు గూడ చెప్పాలె, లేకుంటే సారు మనిషి పూర్తిగ సమజు గాడు. కోపం చేసుకోలే, అరవలే. పొద్దుగాల వచ్చి, మా వాకిట్ల నిలవడి, చుట్టాలు వస్తున్నరు పోర్షను కావాలన్నడు. మీ ఇబ్బంది నాకు తెలుసు, నా ఇబ్బంది మీరు తెలుసుకోవాలి, ఇద్దరి వైపు నుంచీ ఆలోచిస్తే మీరు వెళ్లడమే మంచిదనిపిస్తోంది అన్నడు. సామాను ఎక్కిచ్చేటప్పుడు ఓనరమ్మ వచ్చి నా చేతిల ఒక మామిడికాయ తొక్కు సీస పెట్టింది. ఆమె ఏమన్న అంటదని చూసిన. నా చెయ్యి జెరసేపు పట్టుకొని ఇడిసింది. మేము పటాన్‌చెరుకు మారినం. ఏ చుట్టాలూ రాలేదని, ఆ పోర్షను ఏడాదిదాక తాళం పెట్టే ఉండెనని తర్వాత మల్లమ్మ చెప్పింది.

ఆయనను ఆఖరుసారి చూసింది కొన్నేండ్ల తర్వాత. అదే అడ్డరోడ్డు. ఆ రోజు మా అమ్మ పానం బాగలేక సంగారెడ్డి దవాఖానల ఉంటే చూడబోతున్న. బస్టాపు బల్ల మీద నేను, దయానిధి కూసున్నం. దయానిధి అప్పటికి ఫిట్టరయిండు. ఇక్కడనే పెండ్లి చేసుకున్నడు, మా తీరుగనే మాట్లాడుతడు. నన్ను అక్కా అంటడు. షిఫ్టుకు ఇంకా జెర టైముంటే నాతోని మాట్లాడుకుంట కూసున్నడు.

ఒక కారు వచ్చి ఆగింది, సారు దిగిండు. ముసలోడయిండు. చేతికట్టె వచ్చింది. చంకల శాలువ కవరు. నన్ను గుర్తుపట్టి, బాగున్నావా అమ్మా అని, మా ఇద్దరి నడుమ వచ్చి కూసున్నడు. దయానిధిని గుర్తుపట్టలే. ఎట్ల పడతడు, చూస్తే గద.

కంపెనీల పిల్లలకు నిగ్రహం గురించి చెప్పి వస్తున్నానన్నడు. చెప్పినంక గూడ చెప్పాలన్న యావ తీరనట్టున్నది, దయానిధి దిక్కు మర్లిండు. బాబూ, ఈ ప్రదేశానికి ఒక చరిత్ర ఉంది తెలుసా అని మొదలుపెట్టిండు. ఇక్కడే ఒక దొంగ మీద కాల్పులు జరిగాయన్నడు, తర్వాత దొంగ అని అనుమానించబడిన వ్యక్తి అని దిద్దుకున్నడు. ఊరు రెండుగా చీలిందన్నడు. అటు ఇటు ఒరగకుండా తానొక్కడే ఎట్లా నిలబడ్డాడో చెప్పిండు. ఈ ఉదాహరణ తాను ప్రతి సభలో చెప్తానన్నడు. నా దిక్కు చూసి, ఈమెకు కూడా తెలుసు అన్నడు. నేను నోరు తెరిచేదాన్నే. దయానిధి ఆగుమన్నట్టు చూసిండు.

మొత్తం ఇన్నడు. ఎన్నడూ గంత ఓపికతోని ఎవ్వలు ఇనలేదేమో, సారు మొఖం ఎలిగిపోతున్నది. అంతా అయినంక దయానిధి అడిగిండు.

"సచ్చిపోయినాయన పేరేంది సార్?"

సారు ఆలోచన చేసిండు. పేరు గుర్తులేదు బాబూ, పేరు ముఖ్యం కాదు, అందులోని నీతి ముఖ్యం అన్నడు.

"సుదామ. మా అన్న."

సారు నా దిక్కు చూసిండు, నిజమా అన్నట్టు. నేను తలూపిన. ఆ మొఖంల ఏదన్న కదులుతదని నేను గూడ చూసిన, ఇప్పటికి గూడ ఆశ సావలే చూడు నాది. ఆయన గొంతు సవరిచ్చుకున్నడు.

"అలాగా. అప్పట్లో మీ పక్షం వాదన వినే అవకాశం నాకు దొరకలేదు. ఒక ఆదివారం ఇంటికి రా బాబూ, కూర్చుని మాట్లాడుకుందాం."

దయానిధి లేచిండు. చేతుల గ్రీసు మరకలను ప్యాంటుకు తుడుచుకున్నడు.

"నాకు వాదన ఏం లేదు సార్. నాకు అన్న ఉండె, గంతే."

పోయొస్త అక్కా అని నాతోని చెప్పి, రోడ్డు దాటి కంపెనీల దిక్కు నడిచిండు. జల్దీ నడవలే. మామూలుగ నడిచిపోయిండు.

అప్పుడే బస్సు వచ్చింది. సారు ముంగట ఎక్కిండు. లోపట ఇద్దరు కూసునే సీటు ఒక్కటే ఖాళీగున్నది. సారు కిటికీ దిక్కు జరిగి, శాలువ కవరు ఒళ్లె పెట్టుకొని, పక్కన జాగను అరచేతితోని తట్టి, రా అమ్మా కూర్చో అన్నడు. కండక్టరు గూడ కూసో అక్కా, సంగారెడ్డి దాక ఇగ సీటు దొరకదన్నడు.

నేను కూసోలే. మీది కడ్డీ పట్టుకొని, సంగారెడ్డి దాక నిలవడే పోయిన.